సాగరతీరాన ఎడారి మొక్క కథ – మా పుదుచ్చేరి పర్యటన

తూర్పు తీరంలో చెన్నైకి దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతపు ఒడ్డున వెలసిన ప్రశాంత నగరం పుదుచ్చేరి. 'కొత్త ఊరు' అని ఆ పేరునకు అర్థం. 17వ శతాబ్దం చివరి భాగంలో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. 1954 నవంబరు 1న ఈ ప్రాంతపు పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న ఆ బదిలీకి సంపూర్ణ చట్టబద్ధత లభించింది. పాండిచ్చేరి అనే పేరు 2006లో పుదుచ్చేరిగా మారింది. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు జిల్లాలలో ఒకటి. 18వ శతాబ్దంలో ఇక్కడి ఫ్రెంచి కంపెనీకి దుబాసీగా ప్రసిద్ధికెక్కిన ఆనందరంగపిళ్ళై పేర కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే తెలుగు లక్షణ గ్రంథాన్ని రచించాడు. కనుక ఈ పట్టణం తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు.

మా కుటుంబమూ, మా తోడల్లుడుగారి కుటుంబమూ కలసి ఎల్.టి.సి. పై ఈ పట్టణాన్ని సందర్శించాము. తోడల్లుడుగారు అనంతపురం జిల్లావారు. డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. వారికి స్వగ్రామంలో ఎనిమిది ఎకరాల మెట్టభూమి ఉంది. వేరుసెనగ వేస్తే మూడేండ్లకొకసారి పెట్టుబడి కూడా తిరిగి రావడం లేదు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు దానిని అమ్మివేయమంటున్నాడు. వారికి మనసొప్పడం లేదు. ఈ ప్రస్తావన రైలు ఎక్కింది మొదలు సాగుతూనే ఉంది. పుదుచ్చేరిలో మేము చూసిన స్థలాలను ఒక క్రమంలో కూర్చినది కూడా ఈ ప్రస్తావనే. అందువల్లనే దీనిని పాఠక మిత్రులకు ముందుగా విన్నవిస్తున్నాము.

పట్టణ దర్శనం

పాత పట్టణం చుట్టూ ఉన్న బులివార్డు కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. లోపలి వీధులు ఒకదానికొకటి లంబంగా, గీత గీసినట్లు సాగుతాయి. నడుమ ఉత్తర దక్షిణాలుగా పారే కాలువ పూర్వం ఫ్రెంచివారి భాగాన్ని తమిళుల భాగం నుండి వేరుచేసేది. సముద్రతీరపు రహదారిపై గాంధీజీ విగ్రహం, పాత దీపస్తంభం, లోపలి భాగంలో భారతీ ఉద్యానంలోని ఆయీ మండపం చూడదగినవి. 1910 ఏప్రిల్ 4న ఇక్కడికి వచ్చిన శ్రీ అరవిందులు జీవితాంతం ఈ పట్టణంలోనే ఉన్నారు. ఆశ్రమంలో వారి సమాధి వద్ద కొంతసేపు మౌనంగా కూర్చున్నాము. ఆడవారు ఆశ్రమంలో తయారైన అగరువత్తులు, చేతి కాగితం కొన్నారు.

వృక్షోద్యానం

మరునాటి ఉదయం పట్టణంలోని వృక్షోద్యానానికి వెళ్ళాము. ఫ్రెంచివారు దీనిని 1826లో నెలకొల్పారు. పెరోటే అనే వృక్షశాస్త్రవేత్త దీని సంరక్షకుడుగా ఉండి, దూరదేశాల మొక్కలను తెప్పించి, ఈ నేల వాటికి సరిపడుతుందో లేదో పరీక్షించాడు. పట్టుపురుగుల మేతకు పనికివచ్చే ఒక మల్బరీ రకాన్ని ఫిలిప్పైన్స్ నుండి వెలుపలి ప్రపంచానికి పరిచయం చేసినవాడు ఆయనే. 1870లో పుదుచ్చేరిలోనే మరణించాడు. 2011 డిసెంబరు 30న తీరం దాటిన 'థానే' తుపానుకు ఈ తోటలో అనేక మహావృక్షాలు నేలకొరిగాయి. అయినా నేటికీ ఇక్కడి నీడ చల్లనిదే.

ఆనాటి పద్ధతి సులభమైనది: ఎక్కడిదో ఒక మొక్కను ఓడలో తెచ్చి నాటడం, బ్రతికితే పెంచడం, లేకుంటే విడిచిపెట్టడం. మన పొలాలలోని మిరప, వేరుసెనగ, జీడిమామిడి కూడా సముద్రాలు దాటి వచ్చి ఇట్టి పరీక్షలలో నెగ్గినవే. తోడల్లుడుగారు ఒక చెట్టు క్రింద నిలబడి, "మెట్టభూమికి కూడా ఎక్కడో ఒక మొక్క ఉండే ఉంటుంది తమ్ముడూ! దానిని తెచ్చేవారే కావాలి" అన్నారు. ఏదయినా మొక్క మనసులో ఉన్నదా అని అడిగాము. "గ్వాయులే" అన్నారు. ఆ పేరు మేము అదే మొదటిసారి వినడం.

గ్వాయులే అనగా ఏమి?

వయ్యారిభామ అనే కలుపు మొక్కను ఎరుగని తెలుగు రైతు లేడు. కొందరు దానిని కాంగ్రెసు గడ్డి అంటారు. తాకితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. గ్వాయులే దీనికి స్వయానా సోదరి. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. మెక్సికో ఉత్తర భాగంలోను, అమెరికాలోని టెక్సాసులోను వ్యాపించిన చివావా ఎడారి దీని పుట్టినిల్లు. అక్కడ ఏడాదికి 250 నుండి 400 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప. మూడడుగులకు మించని పొద. బూడిద రంగు ఆకులు. ఆకు మీద కంటికి ఆనని సన్నని నూగు ఎండను వెనుకకు కొట్టి తేమను కాపాడుతుంది. ఇట్టి పొద కాండంలోను, వేరు బెరడులోను ఉండే పదార్థం సాక్షాత్తు సహజ రబ్బరు!

మా వంటి యాంత్రిక ఇంజనీర్లకు ఈ మాట వినగానే ఆసక్తి కలుగుట సహజం. కన్వేయరు బెల్టులు, గాస్కెట్లు, హోసు పైపులు, డంపర్ల టైర్లు – వీటితో మా ఉద్యోగ జీవితం గడిచింది. కృత్రిమ రబ్బరు ఎంత అభివృద్ధి చెందినా, పెద్ద లారీల టైర్లకు, విమానాల టైర్లకు సహజ రబ్బరు లేనిదే సాగదు. బరువు మోస్తూ తిరిగేటప్పుడు అది తక్కువగా వేడెక్కుతుంది. ప్రపంచపు సహజ రబ్బరు దాదాపు అంతా హీవియా అనే ఒకే ఒక జాతి చెట్టు నుండి వస్తున్నది. 1876లో బ్రెజిల్ నుండి దాని విత్తనాలు లండను క్యూ ఉద్యానానికి చేరి, అక్కడి నుండి ఆసియాకు వచ్చాయి. మన దేశంలో కేరళ దానికి ప్రధాన స్థానం. దానికి సమృద్ధిగా వాన, గాలిలో తేమ కావాలి. 2023-24లో మన దేశపు ఉత్పత్తి సుమారు 8.5 లక్షల టన్నులు కాగా వినియోగం 14 లక్షల టన్నులు దాటింది. మిగిలినది దిగుమతే.

ఒకే చెట్టుపై ఆధారపడటంలోని ప్రమాదం రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికాకు అనుభవానికి వచ్చింది. ఆగ్నేయాసియా తోటలు జపాను వశం కాగానే, 1942లో అమెరికా ప్రభుత్వం అత్యవసర పథకం క్రింద వేలాది ఎకరాలలో గ్వాయులే నాటించింది. యుద్ధం ముగిసి కృత్రిమ రబ్బరు అందుబాటులోకి రాగానే ఆ పొలాలను దున్నివేశారు. నేడు మరల దానిపై శ్రద్ధ కలిగింది. హీవియా పాలలోని కొన్ని మాంసకృత్తుల వల్ల కొందరికి రబ్బరు చేతితొడుగులు పడవు. గ్వాయులే రబ్బరులో ఆ మాంసకృత్తులు లేవు. బ్రిడ్జిస్టోన్ సంస్థ 2014లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గ్వాయులే రబ్బరు పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించి, మరుసటి ఏడు దానితో టైర్లు తయారుచేసి చూపింది.

"అయితే పెదనాన్నగారూ, మీ పొలంలో అదే నాటవచ్చును కదా?" అని మా అమ్మాయి అడిగింది. "నాటవచ్చునమ్మా. అది రబ్బరు ఇస్తుందా అన్నదే ప్రశ్న. దానికి జవాబు వెదికినవారు ఈ ఊరిలోనే పనిచేశారు" అన్నారు వారు.

సముద్రానికెదురుగా ఒక విద్యాసంస్థ

సెయింట్ లూయీ వీధిలో, సముద్రానికి అభిముఖంగా ఉన్న తెల్లని భవనం ఫ్రెంచి విద్యాసంస్థ. ఫ్రెంచి ప్రాంతాల బదిలీ ఒప్పందాన్ని అనుసరించి 1955లో ఇది ఏర్పడింది. తొలి సంచాలకులు సంస్కృత పండితుడైన జాఁ ఫిల్యోజా. ఇక్కడి శైవాగమ తాళపత్రాలు 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరాయి. తాళపత్రాలకు తోడు ఎండు మొక్కల భాండాగారం కూడా ఈ సంస్థకు ఉంది.

ఈ సంస్థ మన వ్యవసాయ పరిశోధన మండలితో కలసి, ఒక సెంటీమీటరుకు పది కిలోమీటర్ల ప్రమాణంలో దేశపు వృక్షసంపదకు పటాలు గీసింది. వాటిలో గోదావరి పేరుగల పటం మన ప్రాంతానికి సంబంధించినది. ఈ కృషికి మూలపురుషుడైన గోసెన్ పాటించిన ఒక సూత్రం మమ్ములను బాగా ఆకట్టుకొన్నది. ఒక నెల వర్షపాతాన్ని మిల్లీమీటర్లలోను, ఆ నెల సగటు ఉష్ణోగ్రతను సెంటీగ్రేడు డిగ్రీలలోను తీసుకోవాలి. వర్షపు అంకె ఉష్ణోగ్రత అంకెకు రెండింతలు దాటకపోతే అది 'ఎండు నెల'. 30 డిగ్రీల నెలలో 60 మిల్లీమీటర్ల వాన పడినా అది ఎండు నెలే! ఏడాదికి ఇట్టివి ఎన్ని అన్నదానిని బట్టి ఏ మొక్క ఎక్కడ నిలుస్తుందో అంచనా వేయవచ్చు. పుదుచ్చేరిలో వానలో అధిక భాగం అక్టోబరు నుండి డిసెంబరు లోపుననే కురుస్తుంది. తరువాత ఐదారు నెలలు ఎండు నెలలే. అనంతపురానికి సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. వానను బట్టి చూస్తే గ్వాయులే మన సీమలో సుఖంగా బ్రతకాలి. పెరోటే కాలపు పరీక్షలో అయితే ఈ మొక్క నెగ్గినట్లే.

కాలాపేట్ ప్రయోగాలు

మూడవనాడు తూర్పు తీరపు రహదారి మీదుగా పట్టణానికి ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని కాలాపేట్ చేరాము. 1985లో స్థాపితమైన పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఇక్కడ ఉంది. ఒకవైపు ఇసుకతిన్నెలు, సరుగుడు చెట్లు, వాటి వెనుక సముద్రం. మరొకవైపు ఎర్రమట్టిపై విశాలమైన ప్రాంగణం. గ్రంథాలయానికి ఆనందరంగపిళ్ళై పేరే పెట్టారు.

గ్వాయులే పరిశోధన మొదట తిరుపతిలో సాగింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్. రామదాస్ వద్ద అట్టిపల్లి రామచంద్రారెడ్డి ప్రభృతులు దీనిపై పనిచేశారు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెరగా మార్చే తొలి మెట్టులోని ఎంజైమును అడ్డగిస్తే, కాండంలో రబ్బరు తయారీ కూడా కుంటుపడుతుందని వారు 1987లో ప్రచురించారు. ఆకులో పట్టిన కర్బనమే రబ్బరుగా మారుతుందని దీని సారాంశం. ఆ రోజులలో తోడల్లుడుగారు తిరుపతిలో చదువుకుంటున్నారు. గ్వాయులే పేరు వారి చెవిన పడినది అప్పుడే.

తరువాత రామచంద్రారెడ్డిగారు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండగా, డి. సుందర్ మొదలైన పరిశోధక విద్యార్థులతో ఈ కృషిని ముందుకు నడిపించారు. 2000 నుండి 2004 వరకు వెలువడిన వారి పత్రాలలో ప్రధాన విషయం చల్లని రాత్రులు. రాత్రిపూట ఉష్ణోగ్రత తగ్గించి, ఆకులలో కిరణజన్య సంయోగక్రియ, కాండంలో రబ్బరు నిల్వ ఎలా మారుతున్నాయో కొలిచారు. చలివల్ల కణాలలో జనించే హానికరమైన ఆక్సిజన్ రూపాలను అణచే ఎంజైముల పనిని పరిశీలించారు.

ఎడారి మొక్కకు చలితో ఏమి పని అని మాకు సందేహం కలిగింది. ప్రాంగణంలో వేపచెట్టు క్రింద కూర్చొని తోడల్లుడుగారు వివరించారు. మొక్క కణంలో ఐదు కర్బన పరమాణువులుగల ఒక చిన్న ఇటుక తయారవుతుంది. అట్టివి మూడు కలిపితే పదిహేను కర్బనాల అణువు వస్తుంది. వయ్యారిభామలో దురద పుట్టించే పార్థెనిన్ ఈ వర్గానిదే. అదే ఇటుకను వేల సంఖ్యలో వరుసగా పేర్చితే రబ్బరు. అక్కాచెల్లెండ్రు ఇద్దరి ఇంటా ఇటుక ఒక్కటే, కట్టడం వేరు!

వేసవిలో నీరు దొరికినంత కాలం గ్వాయులే తన చక్కెరను ఎదుగుదలకు ఖర్చుచేస్తుంది. శీతకాలపు ఎడారిలో రాత్రులు గడ్డకట్టే చలికి సమీపిస్తాయి, ఎదుగుదల నిలిచిపోతుంది. కాని పగటి ఎండ మాత్రం ఉంటుంది, ఆకు పని ఆగదు. ఖర్చులేని ఆ కర్బనం రబ్బరు నిల్వకు మళ్ళుతుంది. నీటి ఎద్దడి కూడా కొంతవరకు రబ్బరు శాతాన్ని పెంచుతుంది, అయితే మొక్క చిన్నదయిపోతుంది. శాతం పెరిగి బరువు తగ్గితే రైతుకు మిగిలేది ఏమి? ఈ రెండింటి నడుమ మేలైన బిందువును వెదకడమే పరిశోధన. బాయిలరులో పీడనానికి, ఇంధనానికి మధ్య మేము చేసే లెక్క వంటిదే ఇదీ.

పుదుచ్చేరిలో జనవరి రాత్రులలో కూడా చలి అంతగా ఉండదు. అనంతపురంలో ఇంకొంచెం చల్లన. అయినా చివావా ఎడారి చలికి అది ఏమూలకూ రాదు. రాజస్థాన్ ఎడారి రాత్రులు దానికి కొంత దగ్గర. "మొక్క బ్రతుకుతుంది తమ్ముడూ, రబ్బరు మాత్రం అంతగా కూడబెట్టదు. నీళ్ళ కొరత మన దగ్గర కావలసినంత ఉంది. చలి ఎక్కడనుండి తెచ్చేది?" అన్నారు వారు. పెరోటే పరీక్షలో నెగ్గిన మొక్క, ఇక్కడి పరీక్షలో నిలువలేదన్నమాట. చల్లని రాత్రి కణంలో ఏ మీటను నొక్కుతున్నదో తెలిస్తే, చలి లేకుండానే ఆ మీటను నొక్కగల మార్గం దొరకవచ్చు. జీవసాంకేతిక శాస్త్రవేత్తల ఆశ అదే.

ఇట్టి ఆశకు దగ్గరలోనే మరొక నిదర్శనం ఉంది. రోడ్డు పొడుగునా పెరిగే సర్కారు తుమ్మను మనం పీడగా భావిస్తాము. ఈ ప్రజాతి చెట్ల వేళ్ళు అరిజోనాలోని ఒక గనిలో 50 మీటర్లకు పైగా లోతున కనిపించాయి. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు సర్కారు తుమ్మ నుండి ఒక జన్యువును వేరుచేసి పొగాకు మొక్కలో ప్రవేశపెట్టగా, ఆ పొగాకు నీటి ఎద్దడిని మెరుగుగా తట్టుకొన్నదని 2010లో ప్రకటించారు. పొగాకులో నెగ్గినది పొలంలోని పంటలో నెగ్గడానికి ఇంకా ఎన్నో మెట్లు ఎక్కాలి. అయినా దారి అటే.

ఎర్రమట్టి పీఠభూమి

తిరుగు దారిలో ఆరోవిల్ చూశాము. 1968 ఫిబ్రవరి 28న ఈ అంతర్జాతీయ నగరానికి శంకుస్థాపన జరిగినప్పుడు ఇది చెట్టు చేమ లేని ఎర్రనేల. వాననీరు మట్టిని కోసుకొని వాగులై సముద్రంలో కలిసేది. అక్కడ స్థిరపడినవారు మొదట చేసిన పని వాననీటిని ఆపడం. వాలుకు అడ్డంగా మట్టిగట్లు వేశారు. తరువాత ఆస్ట్రేలియా తుమ్మవంటి మొండిచెట్లను నాటారు. ఆ నీడలో, రాలిన ఆకుల ఎరువులో ఈ తీరానికి సహజమైన పాల, అల్లి మొదలైన జాతులు పెరిగాయి. మన శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం చుట్టూ ఉన్న అడవి కూడా ఈ కోవకు చెందినదే. దళసరి ఆకులతో ఎండు నెలలను దాటుకొని ఏడాది పొడుగునా పచ్చగా ఉండటం దీని ప్రత్యేకత. 2000లో మొదలైన ఆరోవిల్ వృక్షోద్యానంలో ఈ జాతులతోపాటు జెముళ్ళ తోట కూడా ఉంది. పిల్లలకు అదే బాగా నచ్చింది.

తోడల్లుడుగారు జెముళ్ళకంటె గట్లనే ఎక్కువసేపు చూశారు. ఎత్తు ఎంత, రెండు గట్ల మధ్య దూరం ఎంత, పొర్లే నీటికి దారి ఎక్కడ విడిచారు అని అడుగులతో కొలిచి చిన్న పుస్తకంలో వ్రాసుకొన్నారు. రాత్రి వసతిగృహంలో ఎనిమిది ఎకరాలకు మట్టి పని ఎన్ని ఘనమీటర్లు అవుతుందో లెక్క కట్టమని మమ్ములను కోరారు. నేల వాలు తెలియనిదే లెక్క తేలదని చెప్పాము. "వచ్చే వేసవిలో లెవెలింగ్ పరికరం తీసుకొని మీరే రండి" అన్నారు. అమ్మకం మాట అంతవరకు ఆగుతుందని అక్కగారు మా శ్రీమతితో చెప్పినట్లు తరువాత తెలిసింది.

వెళ్ళదలచిన వారికి

పుదుచ్చేరికి రైల్వే స్టేషను ఉన్నప్పటికీ రైళ్ళు తక్కువ. విల్లుపురం జంక్షనులో దిగి బస్సులో చేరుకోవడం సులభం. దూరం 40 కిలోమీటర్లు. చెన్నై నుండి తూర్పు తీరపు రహదారి మీదుగా బస్సులు విరివిగా ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల భయం ఉంటుంది. ఆరోవిల్‌లోని మాతృమందిరం లోపలికి వెళ్ళదలచినవారు ముందుగా అనుమతి పొందాలి. పట్టణానికి రెండు రోజులు, పరిసరాలకు రెండు రోజులు కేటాయిస్తే తొందర లేకుండా చూడవచ్చు.

మెట్టభూమి గల ఉద్యోగ మిత్రులు మన సంస్థలో ఎందరో ఉన్నారు. వారు సముద్రాన్ని, ఆశ్రమాన్ని చూసిన పిమ్మట ఒక పూట వృక్షోద్యానానికి, మరొక పూట ఆరోవిల్ గట్లకు వినియోగించవలసినదిగా మా మనవి. వెళ్ళేటప్పుడు కొలత టేపు ఒకటి వెంట తీసుకొని వెళ్ళడం మంచిది.